పదమూడేళ్ళ ఇన్‌స్పెక్టరు

మా శాఖ పేరు చెప్పను. ఊళ్ళో కాటాలూ తూకంరాళ్ళూ తనిఖీ చేసి ముద్రలు కొట్టే శాఖ అంటే మీకు ఇట్టే తెలిసిపోతుంది కనుక, ఆ మాట కూడా అనలేదనుకోండి. జిల్లా కార్యాలయంలో నేను సూపరింటెండెంటుని. ఫైళ్ళను ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి పంపడం నా పని. అవసరాన్నిబట్టి పంపకపోవడం కూడా నా పనే.

పోయిన వేసవిలో మా డైరెక్టరు తేజోమూర్తి గారి దగ్గర్నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, పుట్టినతేదీ అనునది తల్లిదండ్రుల ప్రయత్నమునకు నిదర్శనమే గాని, ఉద్యోగి ప్రయత్నమునకు నిదర్శనము కాజాలదు. కావున ఇకపై ఉద్యోగి వయస్సును అతని దేహమే నిర్ణయించును. పరుగు, బరువులెత్తుట, ముష్టియుద్ధము అను మూడు పరీక్షల అనంతరము యంత్రము జారీచేయు చీటీలోని వయస్సే సర్వీసు రిజిస్టరు నందు నమోదు కావలెను. చీటీలో అరవై రెండు దాటినవారు అదే సాయంత్రము పదవీ విరమణ పొందినట్లు భావించబడుదురు. పదోన్నతుల విషయమున మిగులు సర్వీసు ఎక్కువగలవారికి ప్రాధాన్యత ఇవ్వబడును."

చదివి, టీ తెప్పించుకున్నాను.

డైరెక్టరు గారు చెడ్డమనిషేం కాదు. నలభై ఏడేళ్ళ వయసులో తెల్లారకుండానే లేచి పరిగెడతారు. ఆయన చేతి గడియారం గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూపిస్తుంది. సమావేశాల్లో ఎవరైనా కష్టం చెప్పుకుంటే, ఆయన వాళ్ళ ముఖం చూడరు, ఆ గడియారం చూసుకుంటారు. వ్యాయామం వల్ల ఆయనకు మేలు జరిగింది. తనకు జరిగిన మేలు నలుగురికీ జరగాలనుకోవడం మంచితనమే. ఆ మంచితనానికి నంబరు వేసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టారు. అక్కడొచ్చింది చిక్కు.

ఈ ఉత్తర్వు చదివి మా ఆఫీసులో సంతోషించిన మనిషి ఒక్కడే. సీనియర్ ఇన్‌స్పెక్టరు దంగేటి నూకరాజు.

నూకరాజుకి అరవై ఒకటి నిండాయి. సంక్రాంతి వెళ్ళేసరికి రిటైరవ్వాలి. అతని సంగతి తెలియాలంటే ముందు మా జిల్లా అధికారి గదిలో గోడకున్న టేకు బోర్డు సంగతి చెప్పాలి. ఆఫీసు పెట్టిన నాటి నుంచి ఇక్కడ పనిచేసిన జిల్లా అధికారుల పేర్లన్నీ పసుపు రంగుతో వరసగా రాసి ఉంటాయి. నూకరాజు తండ్రి ఈ ఆఫీసులోనే అటెండరు. పాతికేళ్ళు రోజూ పొద్దున్నే ఆ బోర్డు దులిపాడు. చదువు రాదు. ఏ పేరు ఎవరిదో కొడుకు చేత చదివించుకుని, "ఆరి పక్కన నీ పేరు ఎప్పుడెక్కుద్దిరా" అనేవాడట. ఒక్కరోజైనా సరే ఆ కుర్చీలో కూర్చుంటే బోర్డు మీద పేరెక్కుతుంది. నూకరాజుకి జీవితంలో కావలసింది అంతకు మించి ఏమీ లేదు. కుర్చీలో ఉన్నవాడు నలభై ఒక్కేళ్ళవాడు కావడంతో ఆ ఆశ వదిలేసుకున్నాడు. ఉత్తర్వు వచ్చాక మళ్ళీ పట్టుకున్నాడు.

పరీక్ష ఆఫీసు వెనకాల ఖాళీస్థలంలో పెట్టారు. జప్తు చేసిన దొంగకాటాలు తుప్పుపట్టే చోటది. డైరెక్టరు గారు స్వయంగా వచ్చి, యంత్రానికి కొబ్బరికాయ కొట్టించారు. పరిగెత్తి, బరువెత్తి, పిడిగుద్దులు గుద్ది వచ్చినవాడు యంత్రం మీద నిలబడి రెండు పిడులు పట్టుకుంటే కీచుమని ఒక చీటీ బయటికి వస్తుంది.

మొదట నిలబడింది జిల్లా అధికారి ఫణికుమార్ గారు. పాపం, నలభై ఒక్కేళ్ళకే కుర్చీకి అలవాటుపడి, కుర్చీ ఆకారానికి వచ్చేసిన మనిషి. పరుగులో సగం దారికే పక్కన ఆగిపోయి ఫోన్ వచ్చినట్టు నటించారు. చీటీలో అరవై మూడు వచ్చింది. ఆ సాయంత్రమే శాలువా కప్పి, నిమ్మకాయంత లడ్డూలు పంచాం. వాళ్ళమ్మాయి రెండో తరగతి. యూనిఫాంలోనే వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఫణికుమార్ గారు మైకు పట్టుకుని, "నేను నిన్నగాక మొన్న చేరినట్టుంది" అన్నారు. విరమణ సభల్లో అందరూ అనే మాటే. ఈసారి నిజం.

నా చీటీలో డెబ్భై నాలుగు వచ్చింది. నాకు యాభై ఆరు. అయితే ఎవరి పదవీ విరమణ ఫైలైనా తయారుచేసి పంపవలసింది సూపరింటెండెంటే. నా ఫైలు నా బల్ల మీదే ఉంది. పరిశీలనలో ఉంది.

నూకరాజుకి నలభై ఆరు వచ్చింది. పల్లెటూళ్ళలో కాటాలు మోసుకుంటూ తిరిగిన ఒళ్ళు కదా. చీటీ చేత్తో పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"సూపర్నెంటు గారూ, పదిహేనేళ్ళు వెనక్కొచ్చేశానండి! మరి కుర్చీ ఖాళీయే కదండీ, నేను ఎక్కేయొచ్చాండి?"

"ఆగవయ్యా. పక్క జిల్లా ఇన్‌స్పెక్టరు చలమయ్యకి నలభై రెండట. మిగులు సర్వీసు అతనికే ఎక్కువ."

నూకరాజు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే నలభై ఒకటికి దిగాలండి," అని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత మా ఆఫీసులో యవ్వనానికి పోటీ మొదలైంది. నెలనెలా పరీక్ష. నెలనెలా చీటీ. చలమయ్య ముప్ఫై ఎనిమిదికి వచ్చాడని తెలిస్తే నూకరాజు ముప్ఫై ఆరుకి దిగేవాడు. పదోన్నతి ఫైలు మాత్రం పైన కదలకుండా కూర్చుంది. పోటీ ముగిసేదాకా ఆగుదామని డైరెక్టరు గారి ఆలోచన.

శాఖకు వ్యాయామశాల మంజూరైంది కాని సామాను మంజూరు కాలేదు. అప్పుడు డైరెక్టరు గారే ఉపాయం చెప్పారు. "లోకములో ఏ శాఖకు లేని బరువులు మన శాఖ వద్ద మూలుగుచున్నవి. వానిని సద్వినియోగపరచుకొనవలెను" అని మెమో వచ్చింది. మేము ఊరూరా కాటాలు పరీక్షించడానికి తీసుకెళ్ళే ఇనపరాళ్ళనే వ్యాయామానికీ పరీక్షకీ బరువులుగా వాడుకోమని దానర్థం. మర్నాటి నుంచీ ఇన్‌స్పెక్టర్లు పొద్దున్నే ఆ రాళ్ళెత్తి, హుమ్మని గాల్లోకి లేపి, సినిమాల్లో చూసినట్టు దభీమని గచ్చు మీద పడేసేవారు. తొమ్మిదింటికి అవే రాళ్ళు జీపులో వేసుకుని బజారు తనిఖీకి వెళ్ళేవారు.

పరుగుకి కాలవగట్టు మీద దారి కొలిచి సున్నంతో గీతలు గీశారు. కొలిచింది మా ఆఫీసు టేపుతోనే. ఆ టేపు మొదట్లో ఒక మీటరు ఎప్పుడో తెగిపోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు. రాసుకునేవాడికి తెలుసుకదా అని కొలిచేవాడు సరిచేయలేదు. రాసుకునేవాడు కొలిచేవాడు సరిచేశాడనుకున్నాడు. దారి పొట్టిదైపోయింది.

ఇక ముష్టియుద్ధం. దానికి విడిగా నిబంధనలు వచ్చాయి. "క్రింది శ్రేణి ఉద్యోగి పై శ్రేణి అధికారిపై పిడికిలి ప్రయోగించు సందర్భమున, ముందుగా 'అయ్యా' అని సంబోధించి, ముఖమును మినహాయించి, వినయపూర్వకముగా ప్రయోగించవలెను. పై అధికారి ప్రయోగమునకు ఎట్టి మినహాయింపులు వర్తించవు." రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అన్నారు పెద్దలు. ఇప్పుడు దానికి ఉత్తర్వు కూడా తోడైంది. డైరెక్టరు గారు నెలకోసారి వచ్చి, ఎర్ర తొడుగులు వేసుకుని గోదాలోకి దిగేవారు. ఆయన పిడికిలి ఇంకా దారిలో ఉండగానే మావాళ్ళు కిందపడిపోయేవారు. లేస్తూ, "భలే తగిలిందండి" అనేవారు. "మీలో చురుకుదనం పెరిగింది. దెబ్బను ముందే పసిగడుతున్నారు" అని ఆయన మెచ్చుకునేవారు. ఆ మాట నిజమే. మా సర్వీసంతా అదే చురుకుదనంతో నెట్టుకొచ్చాం.

ఇన్ని వేషాల మధ్య ఒక విచిత్రం జరిగింది. నూకరాజు నిజంగానే బాగుపడ్డాడు.

అందరూ పరీక్షరోజున పరిగెడితే అతను రోజూ పరిగెత్తేవాడు. గీతలున్న చోటు దాటి లాకులదాకా వెళ్ళి వచ్చేవాడు. మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకోవడం మానేశాడు. షుగరు మాత్ర సగానికి తగ్గించారు డాక్టరు. కాలవ పక్కన పాత గోనెసంచిలో ఇసకనింపి చెట్టుకి వేలాడదీసి దాన్ని గుద్దేవాడు. గోనెసంచి దెబ్బను ముందే పసిగట్టి కిందపడదు కదా, అందుకని గుద్దడం కూడా వచ్చింది.

ఒకనాడు నేను పాలప్యాకెట్టు కోసం వెళ్తూ కాలవగట్టు మీద అతన్ని కలిశాను. చెమటతో తడిసిపోయి, ముఖం వెలిగిపోతూ ఉన్నాడు.

"ఏమయ్యా, పరీక్ష నిన్నే అయిపోయిందిగా. ఇవాళెందుకు?"

"ఏమోనండి. కాళ్ళు ఊరుకోవట్లేదండి. ఆకలేసి తిని ఎన్నాళ్ళైందో, ఇప్పుడు ఆకలేసి తింటన్నానండి. సూపర్నెంటు గారూ, మీరూ రండి. నాలుగడుగులేస్తే చాలండి, తరవాత అదే లాక్కెళ్ళుద్ది."

వెళ్ళలేదు. కాని అతన్ని చూసి అసూయ కలిగింది. ఆ మాట దాచుకోను.

అతని తల్లి పేరంటాలమ్మ గారికి ఎనభై దాటాయి. కొడుకు పరిగెత్తుతుంటే గట్టు మీద అరుగెక్కి కూర్చుని వక్కాకు నములుతూ చూసేది. "ఏవండీ, మా నూకాయికి ముప్ఫయ్యేళ్ళని చీటీ ఇచ్చారంటగదా," అంది నాతో. "నేను కాలవలోంచి బిందెలు మోసినన్నాళ్ళు మోశాను. ఒక్కడూ చీటీ ఇవ్వలేదండి. ఇచ్చుంటే ఈపాటికి పెళ్ళీడుకొచ్చుందును."

చీటీలు దిగుతూనే ఉన్నాయి. ముప్ఫై, ఇరవై ఏడు, ఇరవై నాలుగు. ఒక్క నూకరాజుకే కాదు, ఆఫీసు ఆఫీసంతా పసివాళ్ళయిపోతోంది. మోకాలు పట్టి కుంటేవాడికి ముప్ఫై ఒకటి వచ్చింది. ఉబ్బసం ఉన్న గుమస్తాకి ఇరవై తొమ్మిది. డైరెక్టరు గారు రాజధానిలో ఉపన్యాసం ఇస్తూ "ఒక జిల్లా యావత్తు యవ్వనావస్థకు చేరుకొనుచున్నది" అన్నారని పేపర్లో వచ్చింది.

అదే వారం వర్తకసంఘం వాళ్ళు మా ఆఫీసుకి పూలదండలతో వచ్చారు. నా సర్వీసులో వర్తకులు మా ఆఫీసుకి దండలతో రావడం ఎన్నడూ ఎరగను. మమ్మల్ని చీడలాగా చూసేవారు. "మీ తనిఖీలు ఈమధ్య చాలా న్యాయంగా ఉంటున్నాయండి" అని చేతులు పట్టుకుని ఊపారు. వర్తకుడు న్యాయమని మెచ్చుకున్నాడంటే ఎక్కడో ఏదో తగ్గిందన్నమాటే.

ఆ సాయంత్రం తలుపు గాలికి కొట్టుకుంటోందని ఒక ఇనపరాయి అడ్డం పెట్టబోయాను. ఎత్తితే చేతికి తేలిగ్గా తగిలింది. నేను బరువులెత్తే మనిషిని కాను, నాకే తేలిగ్గా ఉందంటే అనుమానం వచ్చి తిరగేశాను. ప్రతి రాయి అడుగునా చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి తూకం సరిచేసి, ఆ సీసం మీదే మా ముద్ర కొడతారు. గుంట ఖాళీగా ఉంది. గచ్చు మీద పడేసిన దెబ్బలకి సీసం ఎగిరిపోయింది, దాంతోపాటు ముద్రా పోయింది. మూలలు కూడా చిట్లి రాలిపోయాయి. మిగతా రాళ్ళూ తిరగేశాను. అన్నీ అంతే.

రోజురోజుకీ రాయి తేలికవుతోంది, దాన్నెత్తే మావాళ్ళు బలవంతులవుతున్నారు. అదే రాయితో బజారు కాటాలు సరిచేస్తున్నారు, జనం కిలో అనుకుని తక్కువ కొనుక్కుంటున్నారు.

నూకరాజుని పిలిచి చూపించాను. ఈ మనిషి సొంత బావమరిది కాటాలో తేడా ఉందని పండగపూట జప్తు చేసి, రెండేళ్ళు అత్తారింటి గడప తొక్కని మనిషి. రాయి చేతిలోకి తీసుకుని, బొటనవేలు ఆ గుంటలో పెట్టి తిప్పి చూశాడు.

"మనదేనండి తప్పు," అన్నాడు. "కానండీ... ఆర్డరు వచ్చే వేళండి. చలమయ్య గారు పంతొమ్మిది దగ్గరున్నారంటండి. ఆ ఒక్క కాగితం వచ్చేయనివ్వండి, తరవాత సీసం పోయించేత్తాను."

నా వైపు చూడకుండా అన్నాడు. నేను అతన్ని తప్పుపట్టలేదు. నా ఫైలు నా బల్ల మీదే ఉంది కదా. కాని నూకరాజు ముఖం తిప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మనసు చివుక్కుమంది.

తరవాతి పరీక్షలో చలమయ్యకి పంతొమ్మిది వచ్చింది. నూకరాజుకి పదమూడు వచ్చింది.

డైరెక్టరు గారు ఉప్పొంగిపోయారు. ఇరవై నాలుగు గంటల్లో పదోన్నతి ఉత్తర్వు వచ్చేసింది. దానితోపాటు నూకరాజు ఫొటో, "పదమూడేళ్ళ ఇన్‌స్పెక్టరుకు జిల్లా పగ్గాలు" అనే శీర్షికతో అన్ని పేపర్లలోనూ వచ్చింది. చదవవలసిన వాళ్ళందరూ చదివారు. చదవకూడనివాళ్ళు కూడా చదివారు.

బాధ్యతలు తీసుకునేరోజున డైరెక్టరు గారు వచ్చారు. నూకరాజు ఇస్త్రీచొక్కా వేసుకుని తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. పేరంటాలమ్మ గారు బోర్డు ముందు నిలబడి, తన కొంగుతో ఒకసారి తుడిచింది. ముహూర్తం దాటిపోకుండా పేరు పడాలని పెయింటర్ ఇస్రాయేలుని ముందే పిలిపించాం. బల్లెక్కి, కుంచె పసుపు రంగులో ముంచి రాయడం మొదలుపెట్టాడు. 'దంగేటి' అయింది. 'నూ' అయింది.

అప్పుడు వీధిగుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. "బాలుడెక్కడ?"

బాలల సంరక్షణాధికారిణి హైమవతి గారు. చేతిలో పేపరు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక బిస్కెట్ ప్యాకెట్టు. పనిలోంచి విడిపించిన పిల్లలకి ముందుగా బిస్కెట్లివ్వడం వాళ్ళ పద్ధతి.

నూకరాజుని చూపించాం. ఆవిడ అతని బట్టతలని, తెల్లమీసాన్ని చూశారు. చీటీని చూశారు. "శాఖాధిపతి ధ్రువీకరించిన వయస్సును ప్రశ్నించు అధికారము నాకు లేదు," అన్నారు. "పద్నాలుగేళ్ళలోపు బాలునితో పని చేయించుట శిక్షార్హము. పైగా రికార్డు ప్రకారము ఇతడు ఉద్యోగములో చేరి ముప్ఫై ఎనిమిదేళ్ళు. అనగా పుట్టుటకు పాతికేళ్ళ ముందునుండి ఇతనిచే పని చేయించుచున్నారు. ఇట్టి కేసు నా సర్వీసులో లేదు."

బిస్కెట్ ప్యాకెట్టు విప్పి నూకరాజు చేతికిచ్చారు. మర్యాద కోసం ఒకటి తిన్నాడు.

"సంరక్షకులెవరు?"

"నేనేనండి వీడి తల్లిని," అంది పేరంటాలమ్మ గారు. "పదమూడేళ్ళోడైతే మరి వీడి మనవడిని ఎత్తుకునేది ఎవరండీ? బాబూ డైరెట్టరు గారూ, తవరు చదువుకున్నోరు. నాకో ముక్క చెప్పండి. వీడు పదమూడేళ్ళోడైతే వీణ్ణి కన్నప్పుడు నాకు డెబ్భయ్యా? ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దాండీ నేను?"

డైరెక్టరు గారు గడియారం చూసుకున్నారు. గుండె వేగం పెరిగినట్టుంది. కాని అధికారికి దారి దొరకదా. "వయోపరిమితి సడలింపు," అన్నారు. "ప్రతిభావంతునికి ఐదేళ్ళు సడలించు అధికారము నాకు కలదు. పదమూడు, ఐదు కలిపి పద్దెనిమిది. మేజరు."

హైమవతి గారు ఆలోచించారు. "అభ్యంతరము లేదు. అయితే వయస్సు కొలిచిన సామగ్రి సరియైనదని రుజువు ఉండవలెను. మీరే కొలతల శాఖ కదా. ఆ బరువుల మీద మీ ముద్ర చూపండి, వెళ్ళిపోతాను."

ఇనపరాయి తెప్పించారు. తిరగేశారు. అడుగున ఖాళీ గుంట.

"ముద్ర లేదేమి?" అన్నారు డైరెక్టరు గారు నా వైపు తిరిగి.

"ఊడిపోయిందండి."

"కొట్టే అధికారము ఎవరికి?"

"ఈ ఆఫీసులో నూకరాజుకేనండి."

అందరూ నూకరాజు వైపు చూశారు. డైరెక్టరు గారు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఉత్తర్వుల భాష వదిలేసి మామూలుగా మాట్లాడారు. "గుంటలో కాస్త సీసం అంటించి ఒక ముద్ర కొట్టెయ్యండి నూకరాజు గారూ. నిమిషం పని. కుర్చీ మీదే, బోర్డు మీదే. తూకం సంగతి తరవాత తీరిగ్గా చూసుకుందాం."

బల్ల మీద నిలబడ్డ ఇస్రాయేలు రంగు కారిపోకుండా కుంచె డబ్బా అంచున ఆనించి, "నూ తరవాత ఏంటండీ?" అన్నాడు.

నూకరాజు జేబులోంచి ముద్ర తీశాడు. చిన్న ఉక్కుముక్క. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే జేబులో ఉంది. సుత్తి ఎడంచేత్తో పట్టుకున్నాడు. బోర్డు చూశాడు. తల్లిని చూశాడు. నిజం చెప్పొద్దూ, కొట్టెయ్యాలనే మనసులో కోరుకున్నాను. ఇన్నాళ్ళు ఎదురుచూసినవాడు కదా.

అతను సుత్తి కింద పెట్టి, మూలనున్న అద్దాల బీరువా తెరిచాడు. అందులో వెల్వెట్ గుడ్డమీద ఇత్తడి రాయి ఉంటుంది. మా జిల్లాలో ప్రతి రాయికీ తల్లిరాయి అది. దాన్ని ఎవరూ ఎత్తి పడేయలేదు. పెద్దత్రాసులో ఒకవైపు ఇత్తడిరాయి, ఒకవైపు ఇనపరాయి పెట్టాడు. ఇత్తడిరాయి ఉన్న పళ్ళెం దిగిపోయింది. ఇనపరాయి పైకి లేచి, అక్కడే ఊగుతూ ఉండిపోయింది.

"తగ్గిందండి," అన్నాడు నూకరాజు. "చాలా తగ్గిందండి. ముద్ర పడదండి. పడకూడదండి. ఈ రాళ్ళతో సరిచేసిన కాటాలన్నీ తప్పేనండి. నా చీటీ తప్పేనండి. తవరి చీటీ కూడానండి."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

డైరెక్టరు గారు తేరుకున్నారు. ఆయనది ఇరవై ఆరేళ్ళ చీటీ. ఒక ఇనపరాయికి భయపడి అంత యవ్వనం వదులుకునే మనిషి కాదు. అక్కడికక్కడే నాచేత ఉత్తర్వు రాయించారు. "మైనరు బాలుని వాంగ్మూలము చెల్లనేరదు. అయినను విచారణార్థము స్వీకరించి పరిశీలించగా, ఇనుపరాయి తేలిక అని తలచుట భ్రమ. తగిన శారీరక శ్రమ లేక, ఏండ్ల తరబడి బీరువాయందు వెల్వెట్ గుడ్డపై పవళించుటచే, ఇత్తడి రాయియే అధిక బరువుతో బాధపడుచున్నది. కావున సదరు ఇత్తడి రాయి తగు చర్యల ద్వారా బరువు తగ్గించవలెను."

తగ్గించాం. ఆకురాయితో అరగదీయించాం. ఇప్పుడు రెండు పళ్ళేలూ సమంగా నిలబడుతున్నాయి. జిల్లాలో కిలో అంటే ఇప్పుడు ఆ అరిగినదే. ఆఫీసంతా యువకులే. వర్తకసంఘం వాళ్ళు డైరెక్టరు గారి పేర చలివేంద్రం పెట్టారు.

నూకరాజుని తల్లికి అప్పగించారు. 'బాలుని క్షేమముగా స్వీకరించితిని' అని ఆవిడ వేలిముద్ర వేసింది. వేసి, కొడుకు చెయ్యి పట్టుకుని, "పదరా నూకాయ్, నాన్న ఉంటే నెత్తిన పెట్టుకునేవోడు" అంటూ మెట్లు దించింది. అతను రోజూ పొద్దున కాలవగట్టు మీద లాకులదాకా పరిగెత్తుతూనే ఉన్నాడు. గీతలు చెరిగిపోయాయి, చీటీ ఇచ్చేవాళ్ళు లేరు. పక్క జిల్లా నుంచి పంతొమ్మిదేళ్ళ చలమయ్య గారు జిల్లా అధికారిగా వచ్చారు. మా యంత్రమిచ్చిన చీటీలన్నిట్లో నిజానికి దగ్గరగా వచ్చింది ఒక్క నూకరాజుదేనని నాకనిపిస్తుంది. అందుకే మొన్నటినుంచీ నేను కూడా ఆ గట్టు మీద నాలుగడుగులు వేస్తున్నాను. ఇంకా అది నన్ను లాక్కెళ్ళడం లేదు, ఆయాసం మాత్రం వస్తోంది.

బోర్డు మీద చలమయ్య గారి పేరు కింద వరసలో రాయించారు. పైన సగంలో ఆగిన పేరు చెరిపించమని ఆయన ఆదేశించారు. ఆ ఫైలు నా బల్ల మీద ఉంది. పరిశీలనలో ఉంది.

పనిమీద ఆ గదిలోకి వచ్చినవాళ్ళు బోర్డు చదువుకుంటూ వచ్చి అక్కడ ఆగిపోతారు. "ఈ దంగేటి నూ ఎవరండీ?" అంటారు.

"పదమూడేళ్ళ కుర్రాడండి," అంటాను. "అబద్ధమాడటం ఇంకా నేర్చుకోలేదు."